రాక్షసబల్లి గోత్రం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ పెద్దల్లో ఒక్కరైనా రాక్షసబల్లి ఎముకలు ఏరి, అతికించి, ఇనప కమ్మీల మీద నిలబెట్టి చూసిన పాపాన పోలేదు. చూసి ఉంటే సామెతకి మూడో ముక్క కూడా ఉండేది. డాక్టర్ మృణాళిని ఆ మూడో ముక్క పూర్తి చేసి రెండో ముక్కలో అడుగు పెట్టబోతోంది. సరిగ్గా అక్కడే కాలు జారింది.

మృణాళినిది పాలంకి పట్నం. ఉద్యోగమూ అక్కడే, పురాజీవ వైభవ సంస్థలో. పేరు చూసి బెదిరిపోకండి, అదొక పాత ధాన్యం గోదాము. అందులో రెండు రాక్షసబల్లుల అస్థిపంజరాలున్నాయి. ఒకటి పొడుగు మెడ వేసుకుని ఆకులలములు మేసేది. రెండోది కొడవలి పళ్లతో మొదటిదాన్ని మేసేది. వాటిని నిలబెట్టేసరికి మృణాళిని వయసులో మంచి భాగం కరిగిపోయింది. "ఎముకలు తవ్వుకునే పిల్లని ఎవడు చేసుకుంటాడే!" అని తల్లి సుభద్రమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటూంటే, ఊళ్లో చేపల కాలేజీలో పాఠాలు చెప్పే ధనుంజయ్ నేను చేసుకుంటానన్నాడు. ముళ్లు ఏరుకోవడం అలవాటైన ప్రాణం కదా, ఎముకలకి జడవలేదు.

రెండిళ్ల పెద్దల్నీ ఒప్పించేసరికి ఇద్దరికీ తాతలు దిగొచ్చారు. చివరికి వైశాఖంలో ఒక ముహూర్తం కుదిరింది. అది దాటితే మూఢం, మూఢం వదిలితే ఆషాఢం, ఈలోగా ధనుంజయ్ తండ్రి మనసు మళ్లీ మారిపోతుందేమోనని సుభద్రమ్మకి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మృణాళినికీ లోపల అదే భయం, పైకి అనదంతే.

సంస్థ డైరెక్టరు వైకుంఠరావు గారు. ఆయనకి జిల్లా వివాహ నమోదు అధికారిగా పూర్తి అదనపు బాధ్యతలు కూడా ఉన్నాయి. రాక్షసబల్లులకీ పెళ్లిళ్లకీ ఏమిటి సంబంధం అని అడక్కండి, అడిగినవాళ్లకి ప్రభుత్వం అంటే ఏమిటో తెలియదన్నమాట. ఆయన గదిలో రెండు కుర్చీలు, రెండిటి మీదా తెల్ల టర్కీ తువ్వాళ్లు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే డైరెక్టరు, గోడ పక్క కుర్చీలో కూర్చుంటే పెళ్లిళ్ల అధికారి. ఈ కుర్చీలోంచి ఆ కుర్చీకి ఉత్తరాలు రాసేవారు. జవాబు ఆలస్యమైతే గట్టిగా తాఖీదు కూడా పంపేవారు. ఒకసారి తన మీద తనే పైవాళ్లకి ఫిర్యాదు చేసుకున్నారని చెప్పుకుంటారు గానీ, అది నేను చూడలేదు.

ప్రదర్శనశాల ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారు. అంతంత ఎముకల్ని ఊరి మధ్య నిలబెట్టాం, ముందు శాంతి చేయించాలని డైరెక్టరు గారు పట్టుబట్టారు. పురోహితులు సోమయాజులు గారు వచ్చి, పీట వేసుకుని, సంకల్పం మొదలుపెట్టి, మధ్యలో టక్కున ఆగారు.

"గోత్రం సెలవియ్యండి," అన్నారు.

"కౌండిన్యస," అన్నారు వైకుంఠరావు గారు.

"మీది కాదు బాబూ. శాంతి వీటికి కదా. వీటి గోత్రం?"

తనకి తెలియని ప్రశ్న వచ్చినప్పుడల్లా చూసినట్టే డైరెక్టరు గారు మృణాళిని వంక చూశారు. బయట మంత్రిగారి కారు సైరను వినిపిస్తోంది. వీటికి గోత్రాలుండవండీ అంటే సరిపోయేది. కానీ శాస్త్రవేత్తలకొక జబ్బు ఉంటుంది, అడిగితే చెప్పేస్తారు.

"మేం వీటిని ఒడ్డూ పొడుగూ చూసి, పళ్లూ గోళ్లూ చూసి జట్టు కట్టమండి, పుట్టుక చూసి కడతాం," అంది మృణాళిని. "మూడు కొమ్ముల రాక్షసబల్లిని ఒకదాన్ని తీసుకోండి. మన చూరులో పిచ్చుకని ఒకదాన్ని తీసుకోండి. రెండిటి తాతముత్తాతల వరస పట్టుకుని పైకి పోతూ ఉంటే ఒకచోట రెండు వరసలూ కలుస్తాయి. అక్కడున్న ముత్తాత, ఆ ముత్తాత సంతతి యావత్తూ, ఒక్కరినీ వదలకుండా, ఒక గుంపు. ఆ గుంపు పేరే డైనోసార్లు. వీడికి రెక్కలొచ్చాయి, వీడు పొట్టివాడు, వీడు మావాడు కాదు అనడానికి వీల్లేదు. పిచ్చుక కూడా మావాడే అనాలి."

సోమయాజులు గారు సంతోషించారు. "మూలపురుషుడు, ఆయన సంతతి. గోత్రమంటే అదే కదమ్మా!"

సైరను గుమ్మంలోకి వచ్చేసింది.

"ఆఁ... ఇంచుమించు అలాంటిదేనండి," అంది మృణాళిని.

ఆ ఇంచుమించు కొంప ముంచింది. సోమయాజులు గారు 'రాక్షసబల్లి గోత్రోద్భవయోః' అని రెండు అస్థిపంజరాల మీదా అక్షతలు చల్లారు. సంగతి విని మంత్రిగారు కళ్లొత్తుకున్నారు. ప్రపంచ శాస్త్రవేత్తలు ఇవాళ కనుక్కున్నది మన అవ్వాతాతలకి అప్పుడే తెలుసునని ఉపన్యాసమిచ్చి, వైకుంఠరావు గారికి శాలువా కప్పారు. మర్నాడు పేపర్లో శాలువాతో సహా ఫోటో పడింది. ఆ శాలువా తర్వాత వైకుంఠరావు గారు ఇంట్లో కూడా తియ్యలేదట.

వారం తిరక్కుండా మొదటి తలనొప్పి వచ్చింది. ఆ రెండు అస్థిపంజరాల ముందు 'ఆదర్శ దంపతులు' అని పర్యాటక శాఖవాళ్లు బోర్డు పెట్టి ఉన్నారు. కొత్తగా పెళ్లైనవాళ్లు అక్కడ నిలబడి ఫోటోలు దిగడం అప్పటికే ఊళ్లో ఫ్యాషనైపోయింది. ఇప్పుడేమో ఎవరో అర్జీ పెట్టారు, ఒకే గోత్రం వాళ్లని దంపతులని బోర్డు కట్టడం ఏం సంప్రదాయం అని.

డైరెక్టరు గారు మృణాళినిని పిలిపించారు. "ఏమ్మా, ఇదేం అప్రదిష్ట?"

"సార్, అవి దంపతులే కాదు. ఒకటి రెండోదాన్ని చంపి తినేది."

"కాపురం అన్నాక అవన్నీ ఉంటాయమ్మా. గోత్రం సంగతి చెప్పు."

సాయంత్రానికి బోర్డు మారింది. 'అన్నాచెల్లెళ్లు' అని కొత్త బోర్డు, కొడవలి పళ్లదాని ముంజేతికి ఎర్ర రిబ్బనుతో ఒక రాఖీ. మృణాళిని ఆ రాఖీ చూసి ఇంటికెళ్లి అన్నం తినకుండా పడుకుంది.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. మర్నాడు పొద్దున్నే డైరెక్టరు గారి గదికి వెళ్లి, తను చేసిన పొరపాటు దిద్దుదామనుకుంది.

"సార్, గోత్రానికీ మా పద్ధతికీ పోలిక కుదరదండి. గోత్రాలకి మధ్యన గోడలుంటాయి. మీది మాది కాదు, మాది మీది కాదు. మా లెక్కలో గోడలు లేవు. రాక్షసబల్లినీ మొసలినీ పట్టుకుని పైకి వెళ్తే ఇంకా పాత ముత్తాత దొరుకుతాడు. మొసలినీ కప్పనీ పట్టుకుంటే అంతకంటే పాతవాడు. కప్పనీ చేపనీ పట్టుకుంటే ఆ పైవాడు, వాడి సంతతిలో మనం కూడా ఉన్నాం. ఇంకా పైకెళ్తే కొబ్బరిచెట్టు కూడా చుట్టమే."

"ఎక్కడ ఆగుతుంది?"

"ఆగదండి. ఏ ఇద్దరిని తీసుకున్నా పైన ఎక్కడో ఒకచోట కలిసి తీరతారు. ఆ ఇద్దరూ ఎవరన్నదాన్ని బట్టి గుంపు."

"ఏ ఇద్దరైనా?"

"ఏ ఇద్దరైనా సార్."

వైకుంఠరావు గారు కిటికీ పక్క కుర్చీలోంచి మెల్లగా లేచారు. శాలువా సర్దుకున్నారు. గది దాటి వెళ్లి గోడ పక్క కుర్చీలో కూర్చున్నారు.

"అయితే ఇన్నాళ్లూ జనం పెళ్లి దరఖాస్తుల్లో నోటికొచ్చిన గోత్రం రాసి ప్రభుత్వాన్ని తప్పుదోవ పట్టిస్తున్నారన్నమాట," అన్నారు పెళ్లిళ్ల అధికారి.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. 'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమైనది ఏమనగా, ఇకపై గోత్ర నిర్ధారణ కేవలం శాస్త్రీయ పద్ధతిలో జరుపబడును. సదరు వధువును, సదరు వరుడిని రెండు నమూనాలుగా స్వీకరించి, వారి వంశములను పైకి పరిశీలించగా ఏ దశలోనైనను ఉమ్మడి పూర్వీకుడు తటస్థపడినచో, సదరు ఇరువురూ సగోత్రీకులుగా పరిగణింపబడి దరఖాస్తు తిరస్కరింపబడును. ఉమ్మడి పూర్వీకుడు లేడని ధ్రువీకరించు అధికారము డాక్టర్ మృణాళిని గారికి దఖలు పరచడమైనది. సదరు ధ్రువపత్రము లేనిదే కల్యాణ మండపముల వారు, మేళగాండ్రు, వంటవారు, పురోహితులు సేవలందించరాదు.'

ఉత్తర్వు కింద రెండు సంతకాలున్నాయి. రెండూ వైకుంఠరావు గారివే, ఒకటి సిఫార్సు చేసినందుకు, ఒకటి ఆమోదించినందుకు.

మొదటి రోజు వచ్చిన దరఖాస్తులన్నీ తిరిగిపోయాయి. రెండో రోజువీ అంతే. నరసాపురం పిల్లకీ నెల్లూరు పిల్లాడికీ పైన ఎక్కడో ముత్తాత కలిశాడు. ఎవరో తెలివైనవాడు పంజాబు నుంచి పెళ్లికూతుర్ని తెచ్చుకున్నాడు, అక్కడా కలిశాడు. వైకుంఠరావు గారికి మాత్రం మహా ఉత్సాహంగా ఉంది. జిల్లాలో ఇంత సగోత్ర వివాహాల కుంభకోణం తన హయాంలో బయటపడిందని ప్రతి సాయంత్రం పైకి నివేదిక పంపేవారు.

గోదాము ముందు జనం పోగయ్యారు. పెళ్లికొడుకులు, పెళ్లికూతుళ్లు, వాళ్ల పెద్దలు, వీళ్లకంటే ఎక్కువగా మేళగాళ్లూ వంటవాళ్లూ. పెళ్లిళ్ల రోజుల్లో పని లేకుండా కూర్చోవాలంటే ఎవరికి మాత్రం కడుపు మండదు? సన్నాయి వాయించే పోలయ్య ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఆయ్, అమ్మాయిగోరండీ, ఆ ఉమ్మడి తాత లేడని ఓ ముక్క రాసెయ్యండి. ఆయనెప్పుడో సచ్చిపోయుంటాడు. ఇప్పుడొచ్చి నేనున్నానని గొడవెడతాడేటండి?"

"ఉన్నాడు కదా పోలయ్యా, లేడని ఎలా రాయను?"

"ఉంటే ఉండనియ్యండి. మీరు రాసినంత మాత్రాన ఆయన పోడు కదండి."

మాట సుళువుగానే ఉందనిపించింది మృణాళినికి. అయినా సంతకం పెట్టలేదు. ముహూర్తం దగ్గరికొచ్చేస్తోంది, తన దరఖాస్తు కూడా అదే బల్ల మీద అన్నిటికంటే అడుగున ఉంది. తన పెళ్లికి తనే అధికారి, తనే అడ్డం. ఇలాంటి గౌరవం ఏ పెళ్లికూతురికీ దక్కి ఉండదు.

ఇంట్లో సుభద్రమ్మ కంచం ముందు నుంచి లేవనివ్వలేదు.

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారే! నేను వెయ్యి అడిగానా? ఒక్కటి. ఒక్క సంతకం. మనది పైడిపాల గోత్రం, వాళ్లది జనకుల గోత్రం, ఎక్కడా కలవదు. కలవదని రాయడానికి నీకేం వచ్చింది?"

"నోటితో అయితే ఎన్నైనా ఆడతానమ్మా. ఇది చదువు పేరు చెప్పి సంతకం పెట్టి ఆడాలి. ఇవాళ ముత్తాత లేడని రాస్తే, రేపు పిచ్చుకకీ రాక్షసబల్లికీ చుట్టరికం లేదని రాయమంటాడాయన. నేను ఇన్నేళ్లు దుమ్ములో కూర్చుని చేసిందంతా ఏమవుతుంది?"

"నీ ముత్తాత మండ!" అంది సుభద్రమ్మ. వెంటనే లెంపలేసుకుంది.

ధనుంజయ్ నవ్వుతూ మొదలుపెట్టాడు. "చేపల దాకా వెళ్తే మనం చుట్టాలమే. ఆ సంగతి నేను పాఠంలో చెప్తూనే ఉంటాను," అన్నాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "నా కోసం కూడా పెట్టవా మృణాళినీ?"

"నీ కోసం కాబట్టే పెట్టలేకపోతున్నాను. మన పెళ్లి అబద్ధపు సంతకం మీద నిలబడకూడదు," అంటూ ఏడ్చేసింది. అతను పక్కన కూర్చున్నాడు. కోపం వచ్చిందతనికి, ఆమె మీద జాలీ కలిగింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేస్తాడు? టీ పెట్టుకొచ్చాడు.

ఇటు పైవాళ్ల నుంచి వైకుంఠరావు గారికి ప్రశ్న వచ్చింది. తిరస్కరించినవి సరే, ఇచ్చిన ధ్రువపత్రాలెన్ని అని. సున్నా అని రాస్తే సంస్థ పని చెయ్యడం లేదనుకుంటారు. "ఒక్కటైనా ఇవ్వమ్మా, ఎవరికో ఒకరికి," అని బతిమాలారు. మృణాళిని నిజాయితీగా ఆలోచించి ఒక ధ్రువపత్రం ఇచ్చింది. పొడుగు మెడ రాక్షసబల్లి కుడి తొడ ఎముక దొరక్కపోతే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో చేయించి పెట్టారు. సదరు తొడ ఎముక ఏ ప్రాణి కడుపునా పుట్టలేదు గనక దానికి ఉమ్మడి పూర్వీకులు లేరని రాసి, మనస్ఫూర్తిగా సంతకం పెట్టింది.

డైరెక్టరు గారు ఆ కాగితం రెండు కుర్చీల్లోనూ కూర్చుని చదివారు. ఆ ఎముకే కాదు, పొడుగు మెడదాంట్లో సగానికి సగం ప్లాస్టరేనని తెలిసి ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంకేముంది, సగోత్రం కాదని తేలిపోయింది. రాఖీ విప్పారు. 'అన్నాచెల్లెళ్లు' బోర్డు పీకి, 'ఆదర్శ దంపతులు' బోర్డు మళ్లీ కట్టారు. జిల్లా మొత్తానికి చట్టబద్ధంగా పెళ్లికి అర్హత ఉన్న జంట అదొక్కటే అయి కూర్చుంది. పోలయ్య వాళ్ల ముందు కూర్చుని కాస్సేపు సన్నాయి వాయించాడు. చేతులు ఊరుకోవుగా మరి.

పైవాళ్ల రెండో ఉత్తరం ఇంకా ఘాటుగా వచ్చింది. ఇంత చక్కటి సంస్కరణకి అధికారులే ఆదర్శం కావాలి గనక, జిల్లా అధికారి ముందుగా తన వివాహానికి ధ్రువపత్రం పంపాలని. వైకుంఠరావు గారు ఇదేముంది అనుకున్నారు. భార్య నీలవేణి గారి పుట్టింటి గోత్రం వేరు, తనది వేరు. సోమయాజులు గారి తండ్రిగారే పీటల మీద కూర్చోబెట్టారు. దరఖాస్తు నింపి, శాలువా సవరించుకుంటూ మృణాళిని బల్ల దగ్గరికి తనే వచ్చారు.

"మేడంగారు మీకు ఏమవుతారు సార్?" అని అడిగింది మృణాళిని.

"భార్య."

"అంతకు ముందు?"

వైకుంఠరావు గారు గొంతు సవరించుకున్నారు. "అక్క కూతురు."

"సార్, మిగతావాళ్ల ఉమ్మడి పూర్వీకులు ఎక్కడో వేల తరాల పైన ఉంటారు. పేరూ ఊరూ తెలీదు, ఉన్నారని నమ్మాలంతే. మీ ఇద్దరి ఉమ్మడి పూర్వీకురాలు మీ ఇంట్లోనే ఉన్నారు. మధ్యాహ్నం మీకు కేరియరు సర్ది పంపింది ఆవిడేనండి."

మేనమామని చేసుకుంటే ఏ గోత్రమూ అడ్డు రాదు, ఊరంతా అక్షతలు వేస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు, కానీ శాస్త్రీయ పద్ధతిలో అంత దగ్గరి పూర్వీకురాలు జిల్లాలో ఇంకెవరికీ దొరకలేదు. డైరెక్టరు గారు కిటికీ కుర్చీలో కూర్చున్నారు. లేచి గోడ కుర్చీలో కూర్చున్నారు. చీకటి పడేవేళకి తనకి తను నాలుగు ఉత్తరాలు రాసుకుని, ఐదోదాంట్లో సవరణ ఖరారు చేశారు. 'ఉమ్మడి పూర్వీకులు సజీవులై ఉండి, స్వయముగా హాజరై సమ్మతి తెలిపినచో అభ్యంతరము ఉండదు.'

చూశారా తమాషా! మర్నాటి నుంచి మేనరికాల దరఖాస్తులన్నీ చకచకా తెమిలిపోయాయి. బావామరదళ్లు ఒక తాతనో నాయనమ్మనో ఆటోలో ఎక్కించుకొచ్చి, వేలిముద్ర వేయించి, పోలయ్యకి తాంబూలం ఇచ్చి పోతున్నారు. ఎంత దగ్గరి చుట్టమైతే అంత తొందరగా పని అవుతోంది. ఏ చుట్టరికమూ లేనివాళ్లు మాత్రం గోదాము అరుగుల మీద పడిగాపులు కాస్తున్నారు.

"మన ఉమ్మడి ముత్తవ్వ ఏ గుహలో పోయిందో, ఆవిణ్ణి ఎక్కణ్ణుంచి తేను?" అన్నాడు ధనుంజయ్. ముహూర్తం ఎల్లుండి. వాళ్ల నాన్న అప్పుడే పెళ్లి సంగతి తర్వాత చూద్దామనే మాట ఒకటి అనేశాడు. ఆ మాట ఒకసారి వచ్చిందంటే ఆ తర్వాత అనేది ఇంక రాదనే అర్థం. మృణాళిని బల్ల మీద తల పెట్టుకుంది. సంతకం పెట్టేద్దామా అని మొట్టమొదటిసారి అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ పూటే వైకుంఠరావు గారి తల్లి అచ్చాయమ్మ గారి హాజరు. ఆవిడ రిక్షా దిగి, చేతికర్ర టకటకలాడిస్తూ గోదాములోకి వచ్చి, రెండు అస్థిపంజరాల మధ్యన వేసిన కుర్చీలో కూర్చుంది. చుట్టూ జనం. కొడుకు గోడ పక్క కుర్చీ బయటికి తెప్పించుకుని దాని మీద ఠీవిగా కూర్చున్నారు.

"అచ్చాయమ్మ అను మీరు, సదరు దంపతుల ఉమ్మడి పూర్వీకురాలి హోదాలో..."

"ఏరా, కన్నతల్లిని పేరెట్టి పిలుస్తావా?"

"ఆఫీసులో అలాగే పిలవాలమ్మా."

"ఆఫీసు తగలెయ్య. ఈ జనం అంతా ఏమిట్రా? ఎవరింట్లో ఏమయింది?"

ఎవరూ చెప్పకపోతే పోలయ్య చెప్పాడు, మొదట్నుంచీ చివరిదాకా. పిచ్చుక నుంచి ప్లాస్టరు కాలు దాకా ఒక్క ముక్క వదల్లేదు. ముసలావిడ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని అంతా విని, మృణాళినిని దగ్గరికి రమ్మంది.

"ఇది మొదలెట్టింది నువ్వేనా?"

"అవునండి మామ్మగారూ."

"నీ పెళ్లెప్పుడు?"

"ఎల్లుండి అవ్వాలండి. అవ్వదు." కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

అచ్చాయమ్మ గారు కర్ర నేల మీద ఒకసారి కొట్టారు. "వీడి కాపురం సంగతి తర్వాత. ముందు ఈ పిల్ల పెళ్లికి నేను సమ్మతి ఇస్తున్నాను. రాసుకో."

"అమ్మా, అలా కుదరదు," అన్నారు వైకుంఠరావు గారు. "నువ్వు వాళ్ల ఉమ్మడి పూర్వీకురాలివి కాదు. నీకు అధికారం లేదు."

"వాళ్ల ఉమ్మడి ముత్తవ్వ ఏదీ?"

"లేదు, ఎప్పుడో పోయింది."

"పోయినవాళ్ల తరఫున ఇంటికి పెద్ద ఎవరైతే వాళ్లు మాట్లాడతారా లేదా? మీ నాన్న పోతే నీ పెళ్లిలో మీ పెదనాన్న మాట్లాడలేదూ? ఆ ముత్తవ్వ సంతతిలో ఒక్కరినీ వదలకూడదని ఈ పిల్లే చెప్పిందటగా. మరి నేను మాత్రం వదిలెయ్యడానికి ఎందుకయ్యాను? ఇక్కడ నాకంటే పెద్దవాళ్లెవరైనా ఉంటే చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. అరుగు మీద ఒక తాతగారు సగం ఎత్తి, వయసు లెక్కేసుకుని దించేశారు.

వైకుంఠరావు గారు ఆఖరి అస్త్రం తీశారు. "నువ్వు వాళ్లకి చుట్టానివని రుజువేమిటి?"

"కాదని నీ దగ్గరుందా రుజువు? కాదని కాగితం ఇచ్చే అధికారం ఈ పిల్లదేనన్నావుగా. ఏమే, నాకూ నీకూ ఏ చుట్టరికమూ లేదని సంతకం పెడతావా?"

గోదాములో జనం అంతా మృణాళిని వంక తిరిగారు. కన్నతల్లి ఏడ్చినా, ప్రేమించినవాడు అడిగినా, మేళగాళ్లు చేతులు కట్టుకున్నా పెట్టని సంతకం అది.

"పెట్టనండి," అంది మృణాళిని. "మీరు నాకు చుట్టమేనండి మామ్మగారూ. నిజంగా చుట్టమే."

"మరింకేం? రాయరా," అంది అచ్చాయమ్మ.

రాయక చస్తారా! పైగా తన సొంత ఫైలు ఆవిడ చేతిలో ఉంది. వైకుంఠరావు గారు మృణాళిని, ధనుంజయ్‌ల దరఖాస్తు మీద సంతకం పెట్టారు. అడుగునున్నది పైకొచ్చాక మిగతావీ కదిలాయి. ముసలావిడ ఒక్కొక్క జంటనీ పిలిచి, పిల్లకి వంట వచ్చా, పిల్లాడు తాగుతాడా అని నాలుగు ప్రశ్నలు వేసి, చీకటి పడేలోగా అరుగులన్నీ ఖాళీ చేసేసింది. పోలయ్య డోలువాణ్ణి కేకేశాడు. ఉత్తర్వు రద్దు చెయ్యలేదు, ప్రభుత్వం తప్పు చేసిందనే మాట ఎక్కడా ఉండకూడదు కదా. అచ్చాయమ్మ గారిని జిల్లా ఉమ్మడి ముత్తవ్వగా గుర్తిస్తూ ఇంకొక ఉత్తర్వు వేశారంతే. కొడుకు కాపురానికి మాత్రం ఆవిడ ఇంకా సమ్మతి ఇవ్వలేదు. ఆలోచించి చెప్తానంది. నీలవేణి గారు తొందరేం లేదు, నిదానంగా ఆలోచించండి అమ్మమ్మా అన్నారట.

అనుకున్న ముహూర్తానికే మృణాళిని మెళ్లో తాళి పడింది. ధనుంజయ్ రెండో ముడి దగ్గర తడబడితే, మృణాళిని తలొంచుకుని నవ్వింది. సుభద్రమ్మ ఏడ్చి, నవ్వి, మళ్లీ ఏడ్చింది. అచ్చాయమ్మ గారు రెండు వైపులకీ చుట్టమే గనక రెండు వైపులా పెద్దరికం ఆవిడదే అయింది. విడిదింట్లో కాఫీ చల్లగా ఉందని మగపెళ్లివారి తరఫున అలిగి కూర్చుంది. బతిమాలడానికి ఎవరొస్తారో అని కాస్సేపు చూసి, ఎవరూ రాకపోయేసరికి తనే లేచి వెళ్లి ఆడపెళ్లివారి తరఫున వేడి కాఫీ పెట్టించి తెచ్చుకుంది. మర్యాదలకేం లోటు లేదు, మంచి సంబంధమే అని ఒప్పుకుని తాగింది.